తొలి కెమెరా కొనే ముందు మీ ఫోన్ ఎక్కడ ఓడిపోతుందో చూడండి

ఫొటోలు తీయాలని మనసు పడ్డవాళ్ళు మొదట అడిగేది ఒకటే: ఏ కెమెరా మంచిది? జవాబు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. పెళ్ళిళ్ళు తీసే స్టూడియో అన్న ఫుల్ ఫ్రేమ్ కానిది కెమెరానే కాదంటాడు. ఇంజనీరింగ్ చదివే తమ్ముడు యూట్యూబ్‌లో చూసి ఏదో సోనీ మోడల్ పేరు చెబుతాడు. దుకాణదారు తన దగ్గర మిగిలిపోయిన సరుకును ముందుకు తోస్తాడు. వీళ్ళెవరూ మోసగాళ్ళు కారు, ఎవరి అవసరం వాళ్ళు చెబుతున్నారు, అంతే. మీ అవసరం ఏమిటో చెప్పగలిగేది ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోనే. అది ఏ పనిలో చేతులెత్తేస్తుందో తెలిస్తే ఏ రకం కెమెరా కొనాలో సగానికి పైగా తేలిపోతుంది. ఎక్కడా చేతులెత్తేయకపోతే డబ్బు మిగిలినట్టే.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఉండే కొత్తవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే.

మొదటి అడుగు: ఫోన్‌కు నాలుగు పరీక్షలు పెట్టండి

మొదటి పరీక్ష చీకటి. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. ఆలయానికి ఆ పేరు రావడానికి కారణం ఆ నీడే. అనుమతించిన చోట నిలబడి దాన్ని ఫోన్‌తో తీయండి. ఫోన్ ఒక్క ఫొటో తీసి ఊరుకోదు. రెప్పపాటులో చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, చీకటిగా ఉన్న భాగాన్ని తనంతట తానే వెలిగిస్తుంది. విందు భోజనాల ఫొటోలకు అది వరం. కానీ ఇక్కడ మీరు తీయదలచుకున్నదే నీడ. ఫోన్ దాన్ని లోపంగా భావించి సరిదిద్దడానికి చూస్తుంది. గోడ తేటపడుతుంది, నీడ పలచబడుతుంది, రాతి గరుకుదనం పోయి అంతా నున్నగా తయారవుతుంది.

వెంటనే ఫోన్‌ను తప్పు పట్టకండి. తెర మీద నీడ ఉన్న చోటు తాకి, వెలుగును వేలితో కిందికి తగ్గించి మళ్ళీ తీయండి. ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే అందులో ప్రయత్నించండి. చాలామందికి కెమెరా అవసరం ఇక్కడే తీరిపోతుంది. అప్పటికీ ఫొటో గింజలు గింజలుగా వస్తే, పెద్ద సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే చిప్పు), వెలుగును ఎక్కువగా రానిచ్చే లెన్సు కావాలన్నమాట.

రెండో పరీక్ష దూరం. పానగల్లులోనే ఉదయసముద్రం కట్ట ఎక్కి, నీటిలో నిలబడ్డ కొంగ మీదికి జూమ్ చేయండి. ఫోన్‌లో 3 రెట్లు, 5 రెట్లు చూపే ప్రత్యేక లెన్సు ఉంటే అంతవరకు అసలైన జూమ్. ఆపైన అది చేసేది కత్తిరించి సాగదీయడమే. కొంగ కన్ను, ఈకల అంచు కనిపించకపోతే మీకు కావలసింది పొడవైన లెన్సు. పెద్ద సెన్సర్ ఒక్కటే ఈ పని చేయదు. ఈ తేడా తెలియక ఖరీదైన బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా), దానితో వచ్చిన చిన్న లెన్సు పట్టుకుని పక్షుల కోసం బయలుదేరేవాళ్ళు ఎందరో.

మూడోది వేగం. పగటి వెలుగులో బడి మైదానంలో కబడ్డీని ఈనాటి ఫోన్లు బాగానే పట్టుకుంటాయి. సద్దుల బతుకమ్మ రాత్రి, వీధి దీపాల కింద ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే తీసి చూడండి. చేతులన్నీ చెదిరిపోతాయి. చీకటీ వేగమూ కలిసిన చోటు ఏ పరికరానికైనా గండమే. కెమెరాతో వచ్చే మామూలు 18-55 మి.మీ. లెన్సు (మి.మీ. అంకె ఎంత పెద్దదైతే అంత దూరానిది దగ్గరగా కనిపిస్తుంది) కూడా ఇక్కడ నిలవదు, ఆ సంగతి లెన్సుల దగ్గర చెబుతాను.

నాలుగోది కాగితం. దీన్ని అందరూ వదిలేస్తారు, నా లెక్కలో ముఖ్యమైనది ఇదే. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిని ఎక్కువ మంది వెడల్పుగా ఒకే ఫొటోలో ఇమిడించాలని చూస్తారు. దాదాపు 3 ఎకరాలు పరుచుకున్న చెట్టు అది, ఎంత ఇమిడినా ఆకులు, ఊడలు చిన్న చిన్న గీతలే. ఫోన్ తెర మీద ఫొటో అద్భుతంగా ఉంటుంది. దాన్నే స్టూడియోలో 12×18 అంగుళాల ప్రింటు వేయించండి. లెక్క ప్రకారం 12 మెగాపిక్సెళ్ళ ఫొటో, అంటే 4000×3000 చుక్కలు, అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 13×10 అంగుళాలకు సరిపోతుంది. కొంచెం పెంచినా చూడటానికి ఇబ్బంది ఉండదు. అయినా ప్రింటులో ఆకులు ముద్దగా అతుక్కుపోయి కనిపిస్తే లోపం మెగాపిక్సెళ్ళది కాదు. ఫోన్ ఆ సన్నని వివరాన్ని గింజలనుకుని తుడిచేసింది. కాబట్టి 50 మెగాపిక్సెళ్ళు, 200 మెగాపిక్సెళ్ళు అన్న ప్రకటనలు చూసి మోసపోకండి. అలాగే, మీ ఫొటోలు ఎప్పటికీ వాట్సాప్ దాటి వెళ్ళవనుకుంటే ఈ పరీక్షను పట్టించుకోనక్కరలేదు.

నాలుగు ఫలితాలూ ఒక కాగితం మీద రాసుకోండి. దుకాణానికి వెళ్ళేటప్పుడు అది మీ జేబులో ఉండాలి.

రెండో అడుగు: సెన్సర్ కొలతలు ఒకసారి చూసుకోండి

కెమెరాల రకాల మధ్య అసలు తేడా సెన్సర్ కొలతలో ఉంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., పాతకాలపు 35 మి.మీ. ఫిల్మ్ ముక్కంత. కొత్తవాళ్ళ డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో (ఈ రెండింటి తేడా మూడో అడుగులో చెబుతాను) ఎక్కువగా ఉండేది ఏపీఎస్-సీ: నికాన్, సోనీ, ఫుజీల్లో దాదాపు 23.5×15.6, కానన్‌లో కొంచెం చిన్నది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. మంచి కాంపాక్ట్‌లలో ఉండే ఒక అంగుళం సెన్సర్ పేరుకే అంగుళం, నిజానికి 13.2×8.8 మి.మీ. చాలా సూపర్‌జూమ్ కెమెరాల్లో ఉండేది సుమారు 6.2×4.6 మి.మీ. మాత్రమే.

వైశాల్యాలు లెక్క కడితే ఏపీఎస్-సీ, ఆ చివరి దానికి దాదాపు 13 రెట్లు. ఫుల్ ఫ్రేమ్, ఏపీఎస్-సీకి 2.3 రెట్లు. అంటే చిన్న సెన్సర్ వదిలి ఏపీఎస్-సీకి వెళ్ళినప్పుడు కనిపించే మార్పు, ఏపీఎస్-సీ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు వెళ్ళినప్పుడు కనిపించదు. ఖర్చు మాత్రం రెండోసారే ఎక్కువ పెరుగుతుంది, లెన్సులు కూడా ఆ స్థాయివే కావాలి కాబట్టి. పెళ్ళి పని వృత్తిగా పెట్టుకుని 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్లు వేసేవాళ్ళ మాట వేరు. తొలి కెమెరాగా ఫుల్ ఫ్రేమ్ కొనవద్దని గట్టిగా చెబుతాను.

మూడో అడుగు: మీ కాగితాన్ని రకాలతో సరిపోల్చండి

మామూలు కాంపాక్ట్ కెమెరాల కథ ఫోన్లు వచ్చాక ముగిసింది. పదిహేనేళ్ళ నాటి కాంపాక్ట్‌లకు ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని మళ్ళీ గిరాకీ పెరిగింది గానీ అది రంగుల మీది మోజు, మీ నాలుగు పరీక్షల్లో దేనికీ పరిష్కారం కాదు. ఒక అంగుళం సెన్సర్ ఉన్న సోనీ ఆర్ఎక్స్100 వరుస లాంటివి నిజంగా మంచివే. కానీ ఆ డబ్బుకు లెన్సు మార్చుకునే కెమెరా వస్తుంది. బైకుకు, హెల్మెట్‌కు బిగించే యాక్షన్ కెమెరా వీడియో కోసం, అదీ మంచి వెలుగులో. డ్రోన్ తొలి కెమెరా కానే కాదు, పైగా ఆనకట్టల దగ్గర, అభయారణ్యాల్లో ఎగరేస్తే చిక్కుల్లో పడతారు.

దూరం పరీక్ష ఒక్కటే ఓడిందా? అయితే సూపర్‌జూమ్ చూడండి. దీన్నే బ్రిడ్జ్ కెమెరా అంటారు. నికాన్ పీ1000లో 125 రెట్ల జూమ్ ఉంది, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 3000 మి.మీ. దాకా. పీ950లో 2000 దాకా. డీఎస్ఎల్ఆర్‌కు 600 మి.మీ. లెన్సు కొనాలంటేనే ఇల్లు గడవడం గురించి ఆలోచించవలసి వస్తుంది. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుని అవతలి రాళ్ళ మీది పక్షిని తీయాలనుకునేవాళ్ళకు, చందమామ మీది గుంటలు చూసి సంబరపడే పిల్లలున్న ఇంటికి ఇది సరదా తీర్చే వస్తువు. దీని లోపాలూ విప్పి చెప్పాలి. సెన్సర్ చిన్నది. జూమ్ చివరికి వెళ్ళేసరికి లెన్సు ఎఫ్/8కి ముడుచుకుపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది). పొద్దు వాలిందంటే ఫొటోలు గింజలు పడతాయి, అడవిలో పక్షులు, జంతువులు కదిలేది సరిగ్గా ఆ వేళలోనే. పైగా పీ1000 బరువు 1.4 కిలోలు. అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్ వైపు వేకువన బయలుదేరే ఆలోచన ఉంటే దీన్ని నమ్ముకోకండి. ఏపీఎస్-సీ బాడీకి 55-250 లేదా 70-300 మి.మీ. లెన్సు బిగించుకోవడం మేలు. అంత దూరం అందదు, కానీ అందినది అచ్చు వేయదగినట్టు వస్తుంది.

చీకటి, వేగం, కాగితం, ఈ మూడింటిలో ఏది ఓడినా దారి లెన్సు మార్చుకునే కెమెరాల వైపే. అక్కడ రెండు రకాలు.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనుక ఏటవాలుగా అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి పంపితే మీరు కన్ను పెట్టి చూసే గూటిలో అసలు దృశ్యమే కనిపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి సెన్సర్‌కు దారి ఇస్తుంది. ఆ టక్కుమనే చప్పుడు దానిదే. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. వెలుగు ఎప్పుడూ సెన్సర్ మీదే పడుతుంది, గూటిలో కనిపించేది చిన్న తెర. 2008లో పానసోనిక్ జీ1తో ఈ రకం మొదలైంది. 2018లో కానన్, నికాన్ కూడా తమ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలతో అటు మళ్ళాయి. 2020 తరువాత ఆ రెండు కంపెనీల నుంచి కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్ళు ఆగిపోయినట్టే.

కొత్తగా నేర్చుకునేవారికి మిర్రర్‌లెస్‌లో ఉన్న అసలు లాభాన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. షట్టర్ వేగం (వెలుగు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలి), ఐఎస్ఓ (పడిన వెలుగును ఎంత పెంచి చూపాలి) తిప్పుతుంటే ఫొటో ఎలా రాబోతుందో తీయకముందే గూటిలో కనిపిస్తుంది. పానగల్లు నీడ ఎంత చిక్కగా ఉండాలో చక్రం తిప్పుతూ, చూస్తూ తేల్చుకోవచ్చు. డీఎస్ఎల్ఆర్‌తో గూటిలో చూసి తీస్తే, తీసి, చూసి, మళ్ళీ తీయాలి. మనిషి కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ మరో లాభం. పరుగెత్తే పసిపిల్లలను తీసేవాళ్ళకు దాని విలువ వెంటనే తెలుస్తుంది.

లాభాలుగా ప్రచారమయ్యే కొన్ని సంగతులు మాత్రం అంత నిజం కాదు. మిర్రర్‌లెస్ చాలా తేలిక అంటారు. నికాన్ డీ3500 డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములు, కానన్ ఆర్50 మిర్రర్‌లెస్ 375. ఈ స్థాయిలో తేడా చేతికి తెలియదు. చప్పుడు లేకుండా తీయవచ్చు అంటారు. నిజమే, కానీ పోచంపల్లిలోనో గద్వాలలోనో నేతగాళ్ళ ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఆ నిశ్శబ్ద షట్టర్ వాడితే ఫొటో మీద అడ్డంగా చారలు పడే ప్రమాదం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియకపోయినా సెన్సర్‌కు తెలుస్తుంది. అక్కడ మామూలు షట్టర్‌కు మార్చి, వేగం 1/50 లేదా 1/100 దగ్గర పెట్టుకోవాలి.

బ్యాటరీ దగ్గర డీఎస్ఎల్ఆర్‌దే పైచేయి. కంపెనీలు ఒకే పద్ధతిలో కొలిచి ఇచ్చే లెక్కల ప్రకారం డీ3500 ఒక్క చార్జింగుతో 1550 ఫొటోలు, డీ5600 970 ఫొటోలు తీస్తుంది. ఇదే తరగతి మిర్రర్‌లెస్‌లు మూడు నాలుగు వందల దగ్గర ఆగిపోతాయి. కురుమూర్తి జాతరకు వెళ్ళి రాత్రంతా ఉండిపోయే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. మిర్రర్‌లెస్ కొంటే రెండో బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

ఇక నా తీర్పు. కొత్తది కొనగలిగితే ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్. డబ్బు తక్కువైతే, చేతిలో పాతది కొనే ఓపిక ఉంటే డీఎస్ఎల్ఆర్. డీఎస్ఎల్ఆర్ కాలం చెల్లిందనే మాటకు భయపడనక్కరలేదు. దాని సెన్సర్ నిన్న తీసిన ఫొటో రేపు కూడా తీస్తుంది. కొత్త డీఎస్ఎల్ఆర్‌ను పూర్తి ధర పెట్టి కొనడం ఒక్కటే వద్దంటాను.

మిర్రర్‌లెస్‌లలో కూడా ధర తగ్గించడానికి ఏది కోశారో చూసుకోవాలి. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30లలో కన్ను పెట్టి చూసే గూడే లేదు, వెనుక తెరే గతి. వీడియో తీసేవాళ్ళకు పరవాలేదు. నాగార్జునసాగర్ కట్ట మీద మిట్టమధ్యాహ్నం ఎండలో గేట్లను తీయాలనుకుంటే ఆ తెర మీద మీ మొహం తప్ప ఏమీ కనిపించదు. మన ఎండలకు గూడు ఉన్న కెమెరానే తీసుకోండి. కానన్ ఆర్100లో గూడు ఉంది కానీ వెనుక తెర కదలదు, తాకితే పలకదు, ఫోన్‌కు అలవాటు పడిన వేలికి చిరాకు. ఆర్50లో రెండూ ఉన్నాయి.

వీడియోయే మీ ప్రధాన పని అయితే ఒక మాట. ఊరి వంటలో, పొలం కబుర్లో తీసే చానల్‌కు చూసేవారు బొమ్మ కాస్త మసకగా ఉన్నా భరిస్తారు, మాట వినపడకపోతే వెళ్ళిపోతారు. అందుకే బయటి మైకు గుచ్చే చోటు ఉందో లేదో ముందు చూడండి. మన దగ్గర విరివిగా అమ్ముడుపోయిన కానన్ 1500డీలో అది లేదు.

నాలుగో అడుగు: డబ్బంతా బాడీకి పోయకండి

మీ దగ్గర 60 వేలు ఉన్నాయనుకోండి. 60 వేల బాడీ చూడటం కొత్తవాళ్ళందరూ చేసే పని. 40-45 వేల దగ్గర బాడీ, దానితో వచ్చే లెన్సు ముగించి, మిగిలినది రెండో లెన్సుకు, కార్డుకు, బ్యాటరీకి, సంచికి ఉంచుకోండి. మీ ఫొటోలను మార్చేది ఆ రెండో లెన్సే.

ఎందుకో లెక్క చూడండి. 18-55 మి.మీ. కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6. చవకగా దొరికే 50 మి.మీ. లెన్సు ఎఫ్/1.8. రెండింటి మధ్య వెలుగులో తేడా దాదాపు 10 రెట్లు. బతుకమ్మ రాత్రి కిట్ లెన్సుతో 1/25 సెకను దగ్గర చెదిరిపోయిన చేతులు, అదే ఐఎస్ఓలో 50 మి.మీ. లెన్సుతో 1/250 దగ్గర నిలుస్తాయి. ఏ బాడీ మార్చినా ఇంత తేడా రాదు.

అయితే ఏపీఎస్-సీ కెమెరా మీద 50 మి.మీ. లెన్సు 75-80 మి.మీ. లెన్సులా పనిచేస్తుంది. ఆరుబయట ఒక మనిషిని తీయడానికి చక్కనిది. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడిని, మగ్గాన్ని కలిపి ఇరుకు గదిలో తీయాలంటే వెనక్కి జరగడానికి గోడ అడ్డు వస్తుంది. అటువంటి పనికి 35 మి.మీ. లేదా 24 మి.మీ. చూసుకోండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండ్ పెట్టడానికి ముందే అనుమతి కావాలి. చేత్తో పట్టుకునే తీయాలి కాబట్టి అక్కడ వణుకును సర్దే సౌకర్యం ఉన్న లెన్సు ఆదుకుంటుంది.

ఇక కంపెనీ సంగతి. కానన్, నికాన్, సోనీ, ఫుజీ, వీటిలో ఏ ఒక్కటీ చెడ్డ ఫొటో తీయదు. నేను చూసే కొలత వేరు: మీ ఊళ్ళో, మీ స్నేహితుల్లో, మీ వీధి స్టూడియోలో ఏ కంపెనీ లెన్సులు ఉన్నాయి? ఒక కంపెనీ లెన్సు మరో కంపెనీ బాడీకి నేరుగా ఎక్కదు. పక్క స్టూడియో అన్న ఆదివారం తన లెన్సు అరువు ఇవ్వగలిగితే అది మీకు వేల రూపాయల లాభం. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలు ఎంత ముద్దుగా ఉన్నా చిన్న పట్టణాల్లో సిఫారసు చేయనిది ఇందుకే. అరువు లెన్సు దొరకదు, తిరిగి అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. కానన్ డీఎస్ఎల్ఆర్ లెన్సులు ఒక అడాప్టర్‌తో కొత్త మిర్రర్‌లెస్‌ల మీద ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం లోపల మోటారు ఉన్న లెన్సులకే మామూలు అడాప్టర్ మీద ఆటోఫోకస్ పనిచేస్తుంది.

ఐదో అడుగు: చేత్తో పట్టుకుని చూడండి

ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనవద్దు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తెలిసిన స్టూడియోకు వెళ్ళండి, వాళ్ళకు కాస్త తీరిక ఉంటుంది. "అన్నా, కొత్తది కొనాలనుకుంటున్నా, ఒక పది నిమిషాలు మీ కెమెరా చూడనిస్తారా?" అంటే కాదనేవాళ్ళు తక్కువ. పట్టు అందుతోందా, చిటికెన వేలు కిందికి జారిపోతోందా, కళ్ళద్దాలతో గూటిలో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా, ఐఎస్ఓ మార్చడానికి ఎన్ని మీటలు నొక్కాలి, ఇవి ఏ సమీక్షా మీకోసం చెప్పలేదు. హైదరాబాద్‌లో రోజు అద్దెకు కెమెరాలు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. రెండు మోడళ్ళ మధ్య మనసు ఊగుతుంటే శని, ఆదివారాలకు ఒకటి తెచ్చుకుని ఆ నాలుగు పరీక్షలూ దానికీ పెట్టండి. ఆ అద్దె దండగ కాదు.

ఆరో అడుగు: పాతది కొనేవాళ్ళ జాగ్రత్తలు

పెళ్ళి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతుండటంతో మంచి డీఎస్ఎల్ఆర్‌లు అమ్మకానికి వస్తున్నాయి. ఎద్దును కొనేవాడు పళ్ళు చూసినట్టు పాత కెమెరా కొనేవాడు షట్టర్ కౌంట్, అంటే అది ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో, చూడాలి. కొత్తవాళ్ళ తరగతి డీఎస్ఎల్ఆర్‌ల షట్టర్ సుమారు లక్ష ఫొటోలకు, పై తరగతివి లక్షన్నర నుంచి రెండు లక్షలకు తయారవుతాయి. అది దాటగానే ఆగిపోతుందని కాదు, ఎప్పుడైనా ఆగవచ్చని. ఒక్క పెళ్ళికే వేల ఫొటోలు తీస్తారు కాబట్టి స్టూడియో కెమెరాకు లక్ష దాటడం ఎంతో కాలం పట్టదు. నికాన్, సోనీల్లో ఈ అంకె ప్రతి ఫొటో ఫైలులోనే దాగి ఉంటుంది. ఒక ఫొటో తీసి, దాన్ని చదివే ఉచిత వెబ్‌సైట్లలో వేస్తే తెలిసిపోతుంది. కానన్‌లో చాలా మోడళ్ళకు కెమెరాను కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

తరువాత లెన్సు. ఒక చివర నుంచి ఫోన్ టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి. సాలెగూడులాంటి తెల్లని దారాలు కనిపిస్తే అది ఫంగస్. చవక లెన్సుకు బాగుచేయించే ఖర్చు దండగ. నాలుగైదు దుమ్ము రేణువులను మాత్రం పట్టించుకోకండి, ఫొటోలో కనిపించవు. అపర్చర్ ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీయండి. ఫొటోలో నల్లని మచ్చలు ఉంటే సెన్సర్ మీద దుమ్ము, తుడిపిస్తే పోతుంది. ఆ సాకుతో ధర తగ్గించమని అడగవచ్చు. లెన్సు మూత పెట్టి చీకటిలో ఒక ఫొటో తీసి, ఎర్రగానో తెల్లగానో వెలిగే చుక్కలు ఉన్నాయేమో పెద్దది చేసి చూడండి. కార్డు గూటిలో పిన్నులు వంగాయేమో, బ్యాటరీ ఉబ్బిందేమో కూడా చూడాలి.

మోడళ్ళకే పుట్టుకతో వచ్చిన లోపాలు రెండు. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. పాత ఏఎఫ్-డీ రకం 50 మి.మీ. లెన్సు చవకగా వస్తోందని తీసుకుంటే వాటి మీద చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవలసిందే. కొనవలసింది ఏఎఫ్-ఎస్ రకం. కానన్ 3000డీ, 200డీ మార్క్ 2లలో ఫ్లాష్ బిగించే చోట నడిమి పిన్ను తీసేశారు. స్టూడియోల్లో వాడే చవక ట్రిగ్గర్లు (ఫ్లాష్ను దూరం నుంచి వెలిగించేవి), మాన్యువల్ ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. ఫ్లాష్ పని నేర్చుకోవాలనుకునేవారు వాటిని వదిలేయండి.

ఏడో అడుగు: కొనే రోజు, ఆ తరువాతి వారం

హైదరాబాద్ కోఠి, అబిడ్స్ వైపు వెళ్ళినా, మీ పట్టణంలోనే కొన్నా, జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే అది వేరే దేశం కోసం వచ్చిన సరుకు కావచ్చు, ఇక్కడి సర్వీస్ సెంటర్ వారంటీ కింద ముట్టుకోదు. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, పెట్టె మీదిది, బిల్లు మీదిది, మూడూ ఒకటేనా చూసుకోండి. ఉచితంగా ఇచ్చే స్టాండ్, సంచి, శుభ్రం చేసే సామాను చూసి మురిసిపోకండి. వాటి బదులు ధర తగ్గించమని బేరమాడండి. కార్డు మాత్రం పేరున్న కంపెనీది, నమ్మకమైన చోట కొనాలి, నకిలీలు ఎక్కువ. 64 జీబీ, వీ30 (కార్డు రాసే వేగం) గుర్తు ఉన్నది చాలు. 24 మెగాపిక్సెళ్ళ రా ఫైలు (తరువాత దిద్దుకోవడానికి కెమెరా సర్దకుండా దాచే ఫొటో) సుమారు 25-30 ఎంబీ ఉంటుంది, రెండు వేల దాకా పడతాయి. రా ఫైళ్ళు దిద్దడానికి కంప్యూటర్ కావాలి, డార్క్‌టేబుల్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కంప్యూటర్ లేకపోతే కొన్నాళ్ళు జేపెగ్‌లోనే తీయండి, తప్పేమీ లేదు.

మన వేసవిలో కారు సీటు మీద కెమెరా వదిలి వెళ్ళడం బ్యాటరీకీ లెన్సుకూ చేటు. బండి మీద పోతూ దుమ్ములో లెన్సు మార్చకండి. మార్చవలసి వస్తే బాడీ నోరు నేల వైపు ఉంచి, గాలికి వీపు పెట్టి మార్చండి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు లేచే తుంపర కొత్తవాళ్ళ కెమెరాలు తట్టుకోలేవు, ఒక పాలిథిన్ కవర్, మెత్తని గుడ్డ వెంట ఉండాలి. వానాకాలం నాలుగు నెలలు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. తోలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య పెడితే ఫంగస్‌ను పిలిచినట్టే.

కొన్న తొలి వారంలోనే కెమెరాను గట్టిగా వాడి చూడండి. ఎండలో, ట్యూబ్‌లైటు కింద, రాత్రి, ఒకసారి బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా. తెచ్చిన లెన్సులన్నిటితో అచ్చు కాగితాన్ని గోడకు అతికించి తీసి, నాలుగు మూలల్లో అక్షరాలు సమంగా ఉన్నాయేమో చూడండి. ఒక మూల మాత్రమే మసకగా వస్తే లెన్సు లోపల గాజు పక్కకు ఒరిగిందన్నమాట. అది సెట్టింగులు మార్చితే పోయేది కాదు. పెట్టె, బిల్లు, ఆ ఫొటోలు పట్టుకుని మార్పిడి గడువు దాటకముందే దుకాణానికి వెళ్ళి వేరే లెన్సు అడగండి.